వచ్చినోనికి మూడు

పెళ్లయిన మూడో వారంలో మా ఆయన నాకు నాలుగు రంగుల పెన్ను తెచ్చి ఇచ్చాడు. పైన నాలుగు చిన్న మీటలు, ఏది నొక్కితే ఆ రంగు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ. ఆ సాయంత్రం పాలవాడి కాగితం మీద, క్యాలెండర్ అంచున, మా అత్త లూర్దమ్మ మందుల చీటీ వెనక, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ నా కొత్త పేరు రాసుకున్నాను. మార్త సంజీవరావు, బి.కాం. ఒక్కో అక్షరం ఒక్కో రంగు.

"చీటీ మీద గిట్ల గీస్తే కంపౌండర్ నాకు ఏ మందిస్తడో ఏమో," అంది అత్త.

"రంగురంగుల గోలీలు ఇస్తడు తియ్యి," అన్నాడు ఆయన బూట్లు విప్పుకుంటూ.

నాకు నవ్వాగలేదు. ఆ రోజుల్లో నాకు దేనికైనా నవ్వొచ్చేది. గాలి కంపెనీల వైపు నుంచి వీస్తే నాచారంలో మా కిటికీలోకి బిస్కెట్ల వాసన వచ్చేది, దానికీ నవ్వే. కుక్కర్ మూడో విజిల్‌కు సరిగ్గా ఆయన స్కూటర్ గుమ్మం ముందు ఆగితే, ఈ రెండూ మాట్లాడుకుని వచ్చాయేమో అనిపించేది.

పెన్ను మాత్రం ముద్దుకు తెచ్చింది కాదు. నేను క్రికెట్ స్కోరు రాస్తాను.

మా చర్చి యువకులు పెట్టుకున్న టీం పేరు మార్నింగ్ స్టార్ క్లబ్. జనగామ వైపు ఊళ్ల నుంచి వచ్చి నాచారం కంపెనీల్లో పనిచేసేవాళ్లు సగం, ఉప్పల్‌లో ఒకప్పుడు వ్యవసాయం చేసిన ఇళ్లవాళ్లు సగం. ఆదివారం ఆరు గంటల ఆరాధన ముగించుకుని, తెల్లబట్టలతోనే ఉప్పల్ మైదానానికి పోయేవాళ్లు. మా అన్న ఏలియా దానికి కెప్టెన్. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం స్కోరర్ రాలేదు. అన్న నన్ను వేపచెట్టు కింద రేకు టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, "లెక్కలల్ల నీకు తొంభై వచ్చినయ్ గద, రాయి చెల్లె," అన్నాడు. అప్పటి నుంచి ఏడేళ్లు నేనే రాశాను. క్లబ్‌లో ఎవరికైనా పరుగుల మీద గొడవ వస్తే, "మార్త ఏం రాసింది?" అని అడిగేవాళ్లు. అక్కడితో గొడవ అయిపోయేది.

క్లబ్‌లో మా అన్న పెట్టిన ఆనవాయితీ ఒకటి ఉంది. "వచ్చినోనికి మూడు" అంటారు. దెబ్బ తగిలో, జబ్బు చేసో కొన్నాళ్లు ఆటకు దూరమైనవాడు తిరిగొస్తే, మూడు మ్యాచ్‌లు వాణ్ని టీంలో ఉంచాలి. ఎవరూ మాట అనకూడదు. ఆ మూడింట్లో ఆడలేకపోతే వాడే పక్కకు జరగాలి. జరిగినవాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి మ్యాట్ పరవాలి. మా మైదానంలో గడ్డి లేదు. గట్టి మట్టి మీద కొబ్బరినార మ్యాట్ పరిచి, అంచుల పొడవునా మేకులు కొట్టి ఆడతారు. ఆ మేకులు కొట్టడం పన్నెండోవాడి పని.

ఎనభై ఆరులో మా ఆయన, అప్పటికింకా నాకేమీ కాని సంజీవరావు, కామెర్లు వచ్చి నాలుగు నెలలు మంచాన పడి తిరిగొచ్చాడు. సున్నా, నాలుగు, మళ్లీ సున్నా. మూడు అయిపోయాయి. క్లబ్ సెక్రటరీ అబ్బయ్య మామ, "ఇగ మేకులు గొట్టుమను," అన్నాడు. మా అన్న ఒప్పుకోలేదు. "వాని మొఖం ఇంకా పసుపచ్చగనే ఉన్నది మామ. మొఖం తెల్లగయిన దినం నుంచి లెక్కవెట్టుదాం," అని నాలుగోది ఇచ్చాడు. సంజీవరావు డెబ్బై ఒకటి కొట్టాడు. స్కోరు బుక్కులో ఆ అంకె చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాను. అలా ఎవరికీ గీసేదాన్ని కాదు. ఎందుకు గీశానో నాకే ఆరేళ్ల తర్వాత తెలిసింది.

తొంభై ఒకటి చివర్లో మా అన్న పనిచేసే చోట నిచ్చెన జారి కిందపడ్డాడు. ఎడమ చీలమండ విరిగి రెండు ప్లేట్లు వేశారు. దవాఖానాలో మంచం మీద పడుకుని సంజీవరావు చెయ్యి పట్టుకుని, "నేనొచ్చేదాంక టీంను నువ్వు జూస్కో," అన్నాడు. ఇంకో నాలుగు నెలలకు అదే చేతిలో నా చెయ్యి పెట్టాడు. పెళ్లయిన మరుసటి ఆదివారం మైదానంలో మా ఆయన, ఏడేళ్లుగా "ఏలియన్నా" అని పిలిచినవాడు, కర్ర పట్టుకుని ఆట చూడ్డానికి వచ్చిన అన్నను మొదటిసారి "బావా" అన్నాడు. టీం అంతా ఈలలు వేసింది. నేను ఆ ఓవర్లో రెండు బంతులు రాయడం మర్చిపోయాను.

కర్ర వదిలేశాక అన్న ఆటకు తిరిగొచ్చాడు. అప్పటికి ఆ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లే మిగిలాయి. నాలుగోది గెలిస్తే మా క్లబ్ పై డివిజన్‌కు పోతుంది. పోతే వచ్చే ఏడు కొత్త ఆటగాళ్లు వస్తారు, ముప్పై రెండేళ్ల కుంటికాలి మనిషిని ఎవరూ తీసుకోరు. అందుకే ఆ నాలుగో మ్యాచ్‌లో అన్న పేరు ఉంటుందా లేదా అన్నది ఒక్క ఆదివారం సంగతి కాదు. ఉంటే, ఆడితే, కెప్టెన్సీతో సహా తన చోటు తనకు దక్కుతుంది. లేకపోతే మా అన్న ఆట అక్కడితో అయిపోయినట్టే.

మొదటి మ్యాచ్‌లో అన్న నాలుగు బంతులు ఆడి, రెండు పరుగులు తీసి బౌల్డ్ అయ్యాడు. రెండో మ్యాచ్‌లో మావాళ్లే ఇద్దరు దుమ్ము లేపారు. అన్న ప్యాడ్లు కట్టుకుని మా టేబుల్ పక్కన కూర్చున్నాడు, కూర్చునే ఉన్నాడు, మ్యాచ్ గెలిచేశాం. బ్యాటింగే రాలేదు. "ఇంత మంచిగ గూసున్నోన్ని ఏ డివిజన్ల జూడలే," అని అబ్బయ్య మామ వెక్కిరించాడు. మూడో మ్యాచ్‌లో అన్న దిగేసరికి అవతల మా ఆయన ఆడుతున్నాడు. ఆయనే బంతిని కవర్స్ వైపు నెట్టి "రా బావా" అన్నాడు. అన్న సగం దాకా పరుగెత్తాడు. అప్పుడు "వొద్దు" అన్నాడు. రెండు ప్లేట్ల కాలు అంత త్వరగా వెనక్కు తిరగదు. ఒక్క బంతి కూడా ఆడకుండానే అన్న రనౌట్ అయ్యాడు. నేను ఎర్ర మీట నొక్కి వికెట్ రాశాను. పొరపాటు అనే అనుకున్నాను. పొరపాటే అయి ఉండొచ్చు కూడా.

ఆ గురువారం సాయంత్రం మా ఆయన వేడి మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. నేను ఒకటి కొరికి నోరు మండి గంతులేస్తుంటే పక్కన కూర్చుని నీళ్లు అందించాడు.

"మార్తా, సీజన్ అంతటిది ఒక్క కాయితం మీద రాసిస్తవా? నీ పెన్నుతోని. శనివారం అబ్బయ్య మామ దుకాణంల టీం తీస్తం. నువ్వు గూడ రావాలె. నువ్వే సదవాలె."

క్లబ్ మీటింగ్‌కు ఒక ఆడపిల్లను పిలవడం అదే మొదలు. బజ్జీ పక్కన పెట్టేసి చేతులు కడుక్కుని కూర్చున్నాను. స్కేలుతో గీతలు గీశాను. పేర్లు నలుపు, అంకెలు నీలం, ఎక్కువ కొట్టినవాళ్లకు ఆకుపచ్చ. మ్యాచ్‌లు, ఇన్నింగ్స్, ఆడిన బంతులు, పరుగులు అని గళ్లు వేయబోతే ఆయన నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తూ అన్నాడు:

"గన్ని వద్దు. గజిబిజి అయితది, వాళ్లకు సమజ్ గాదు. మ్యాచ్‌లు, పరుగులు. గంతే."

"ఇన్నింగ్స్ లేకుంటే ఎట్లండి? బ్యాటింగ్ రానోళ్లు ఉంటరు గద."

"మనకు ఎర్కనే గద. నోటితోని చెప్పుకుంటం."

మాకు తెలుసు కదా అనుకున్నాను. రెండే గళ్లు గీశాను. పేజీ నిజంగానే అందంగా వచ్చింది. గోడకు ఆనించి పెట్టి, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకున్నాను. ఆయన, "ఎవ్వల క్లబ్‌ల ఉంది గిసొంటి స్కోరర్?" అన్నాడు. ఆ మాటకు నేను ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

అబ్బయ్య మామది దర్జీ దుకాణం. ప్రతి శనివారం సాయంత్రం నల్ల గుడ్డ ముక్క మీద దర్జీ సుద్దతో పదకొండు పేర్లు రాసి దుకాణం ముందు వేలాడదీస్తాడు. ఆ రోజు మిషన్ పక్కన స్టూళ్ల మీద ఐదారుగురు ఉన్నారు. అన్న గుమ్మం దగ్గర నిలబడ్డాడు, కాలు చాపుకోవడానికి అక్కడే వీలు. నన్ను చూసి, "ఓహో, మేడమ్ వచ్చిన్రు," అని జరిగి దారిచ్చాడు. నేను కొత్త పట్టుచీర కట్టుకుని పోయాను. ఇప్పుడు తలచుకుంటే ఆ చీర మీదే కోపం వస్తుంది.

పేర్లు ఒక్కొక్కటే చదివాను. ఉమాపతి, ఐదు మ్యాచ్‌లు, నూట నలభై రెండు. ఉమాపతి అన్న లేనప్పుడు అన్న స్థానంలో ఆడినవాడు. అందరూ తలలూపారు. తర్వాతి గీత మీదికి వచ్చేసరికి నా గొంతు అదే హుషారులో ఉంది. అంకె నోట్లోంచి వచ్చాక కానీ నాకు వినబడలేదు.

"ఏలియా, మూడు మ్యాచ్‌లు, రెండు పరుగులు."

అబ్బయ్య మామ మిషన్ తొక్కడం ఆపాడు. నేను మా ఆయన వైపు చూశాను, నోటితో చెప్తానన్నాడు కదా అని. ఆయన నేల మీది దారపు ముక్కలు చూస్తున్నాడు. తలెత్తి,

"ఏలియన్నా, నువ్వు వెట్టిన రూలే. వచ్చినోనికి మూడు. మూడు అయినయ్," అన్నాడు.

బావా అనలేదు. నాకు ముందు తాకింది అదే.

నేను నోరు తెరిచాను. రెండో మ్యాచ్‌లో బ్యాటింగే రాలేదని, మూడోదాంట్లో ఒక్క బంతి ఆడలేదని చెప్పాలి. చేతిలో నా రాత ఉంది, నాలుగు రంగుల్లో. అన్న నా దగ్గరకు వచ్చి కాగితం తీసుకుని, వెలుతురుకు ఎత్తి చూశాడు.

"మస్తు రాసినవ్ చెల్లె," అన్నాడు. "ముత్యాల లెక్క ఉన్నది."

కాగితం నాకు తిరిగిచ్చి, "పొద్దుగాల అందరికన్న ముందు వస్త మామ. మేకుల డబ్బా బయట వెట్టు," అని చెప్పి మెట్లు దిగాడు. ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు. అబ్బయ్య మామ నల్ల గుడ్డ మీద ఉమాపతి పేరు రాశాడు.

స్కూటర్ మీద ఇంటికి వస్తూ నేను ఆయన నడుం పట్టుకోలేదు. వెనక స్టెప్నీ చక్రం పట్టుకుని కూర్చున్నాను. ఇంటికి వచ్చాక అడిగాను.

"నోటితోని చెప్తమంటిరి."

"చెప్తే ఏమయితది? కాలు సూస్తలేవా? పరుగు తియ్యలేడు, వంగలేడు. రేపు గెల్వాలె మనం."

"గట్లయితే గదే చెప్పకపోతిరి, కాలు బాగలేదు వద్దని. మూడు అని ఎందుకు అన్నరు? ఆడింది ఒక్కటే గద."

"కాలు గురించి అంటే కొట్లాట అయితది. అంకె అంటే ఎవ్వరు మాట్లాడరు."

"మీకు అన్న నాలుగోది ఇచ్చిండు."

ఆయన చొక్కా గుండీలు విప్పుతూ ఆగాడు. "గప్పుడు పై డివిజన్ ముచ్చట లేకుండె," అన్నాడు. "ఎన్నడు జూడు, నేనొచ్చేదాంక, నేనొచ్చేదాంక అంటడు. సీజనంత నేను నడిపించిన టీం మార్తా. తీస్కపోయి చేతిల వెట్టాల్నా?"

అంటే కాలు కాదు. కొంచెం కాలే, మిగతాది అది. అది కూడా నేను ఎలాగో మింగేదాన్ని. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అన్న నిజంగానే నెమ్మదించాడు. కానీ ఇంకొకటి అడగకుండా ఉండలేకపోయాను.

"మరి నాతోని ఎందుకు రాయించిన్రు?"

"నువ్వు రాస్తే ఎవ్వరు అడ్గరు గద," అన్నాడు. మామూలుగా అన్నాడు. నీళ్లు ఉన్నాయా అని అడిగినట్టు.

బజ్జీలు, భుజం మీద గడ్డం, ఎవ్వల క్లబ్‌ల ఉంది గిసొంటి స్కోరర్. ఒక్కొక్కటే వెనక్కి తిరిగి చూసుకుంటే, గురువారం సాయంత్రమంతా నాది కాకుండా పోయింది. అత్త వంటింట్లోంచి, "అన్నం సల్లగయితంది," అంది. అందరం తిన్నాం.

తెల్లారి చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నాను. అయ్యగారు ప్రసంగం దేని మీద చేశారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఒళ్లో స్కోరు బుక్కు పెట్టుకుని, పెన్సిల్‌తో అన్ని గళ్లూ వేసి మళ్లీ రాశాను. ఏలియా. మ్యాచ్‌లు మూడు. బ్యాటింగ్ రెండుసార్లు. రెండోసారి రనౌట్, బంతి ఆడలేదు. మొత్తం ఆడిన బంతులు నాలుగు. పక్కన కూర్చున్న పెద్దావిడ నేను వాక్యం రాసుకుంటున్నాననుకుని మెచ్చుకోలుగా తలూపింది.

మైదానం చేరేసరికి మ్యాట్ పరిచి ఉంది. అన్న మోకాలి మీద కూర్చుని చివరి మేకులు కొడుతున్నాడు, ఎడమకాలు పక్కకు చాపి. నేను నేరుగా అబ్బయ్య మామ దగ్గరకు పోయి కాగితం ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి రెండుసార్లు చదివాడు.

"ఇది నిన్న ఎందుకు సూపియ్యలే బిడ్డా?"

నేను మేకులు కొడుతున్న అన్న వైపు తిరిగాను.

"పేర్లు అంపైర్ చేతిల వెట్టిన. ఇగ మారయ్." కాగితం మడిచి జేబులో సుద్దముక్క పక్కన పెట్టుకున్నాడు. "నిన్ను అనుడు ఎందుకు. ఆనాడు ప్యాడ్లు గట్టుకొని ఊకె గూసున్నడని నేనే ఎక్కిరించిన గద. నీ కాయితం జూసి నా కండ్లను నమ్మలే."

మ్యాచ్ గెలిచాం. మా ఆయన నలభై ఎనిమిది, ఉమాపతి ముప్పై మూడు. ఒక్క బంతి తప్పకుండా అన్నీ పెన్సిల్‌తోనే రాశాను. డ్రింక్స్ టైంలో అన్న సీసాలు పట్టుకుని లోపలికి నడిచాడు. అందరికీ ఇచ్చాడు. మా ఆయనకు కూడా ఇచ్చి, ఏదో చెప్పి, బౌలర్ వైపు చూపించాడు. తర్వాతి ఓవర్లో మా ఆయన ఆ బౌలర్‌ను రెండు ఫోర్లు కొట్టాడు. అవీ రాశాను.

గెలిచాక అందరూ మా ఆయనను భుజాల మీద ఎత్తుకున్నారు. దిగి నేరుగా టేబుల్ దగ్గరకు వచ్చాడు, ముఖమంతా చెమట, నవ్వు.

"ఎంత కొట్టిన?"

"నలభై ఎనిమిది."

"గుండ్రంగ గీత గియ్యవా?"

నేను బుక్కు మూశాను. ఆయన నవ్వు కాసేపు అలాగే ఉండి మాయమైంది. "స్కూటర్ దగ్గర ఉంట. రా," అన్నాడు.

జనం టీ హోటల్ వైపు కదిలారు. అన్న ఒక్కడే మేకులు పీకుతూ డబ్బాలో వేస్తున్నాడు. దగ్గరకు పోయి నిలబడ్డాను.

"అన్నా, నిన్న నువ్వన్న చెప్పకపోతివి. ఆడింది నాలుగు బాల్స్ అని."

"నేను జెప్పాల్నా?" మేకు మట్టి దులుపుతూ అన్నాడు. "పెండ్లయి మూడు నెలలు గాలే. నీ మొగని ముందట, గంతమంది ముందట, నీ లెక్క తప్పని అంటనా?"

"తప్పే గద."

"ఎర్కే."

అన్న మ్యాట్ ఒక కొస ఎత్తి మడత వేశాడు. కొబ్బరినార మ్యాట్ ఒక్కరితో చుట్టుకోదు, అటువైపు ఇంకొకరు పట్టకపోతే వంకర పోతుంది. నేను స్కోరు బుక్కు నేల మీద పెట్టి, కొంగు నడుముకు దోపుకుని అటువైపు వంగాను. నార అరచేతులకు గుచ్చుకుంది. నాలుగు చుట్లు చుట్టేసరికి నా వైపు ముందుకు పోయి, అన్న వైపు వెనక ఉండిపోయింది.

రోడ్డు మీద స్కూటర్ హారన్ మోగింది.

"పాయె," అన్నాడు అన్న. "ఫికర్ జెయ్యకు. కొత్తోళ్లకు గట్లనే పోతది. ఇప్పు, మల్ల సుట్టుదాం."

మొత్తం విప్పి నేల మీద చదును చేశాం. హారన్ ఇంకోసారి మోగింది, ఈసారి కొంచెం ఎక్కువసేపు. నేను తలెత్తలేదు. అంచు పట్టుకుని, అన్న చేతుల వైపు చూస్తూ, తను ఎంత తిప్పితే అంతే తిప్పాను.